వేషాలు, పరాష్కాలు: రాయికల్ ప్రాంతపు నవ్వులాట మాటలు

నవ్వించాలని కావాలనే తిక్కగా మాట్లాడటం, వంకరగా నడవటం, లేని గొప్పలు పోవడం, ఎదుటివాణ్ణి అచ్చు దింపినట్టు అనుకరించడం ఒక పని. ఆ పని నేర్చి చేసేవాణ్ణి సంస్కృత నాటకం విదూషకుడంది, తంజావూరు సీమలోని తెలుగు భాగవతమేళం కోణంగి అంది, తోలుబొమ్మలాట కేతిగాడంది, సర్కస్ జోకర్ అంది. జగిత్యాల, కోరుట్లలకు ఉత్తరాన, గోదావరికి దక్షిణాన ఉన్న రాయికల్ చుట్టుపక్కల పల్లెలు అతన్ని బుడ్డర్‌ఖాన్ అని, తుపాకి రాముడని, పిట్టల దొర అని పిలుచుకున్నాయి. మానేరు ఒడ్డున ఉన్న సిరిసిల్ల దాకా ఇవే పేర్లు. ఇప్పుడీ పేర్లు ఆట జరిగే చోట కంటే పిల్లల్ని గదమాయించే ఇంట్లోనే ఎక్కువ వినిపిస్తాయి. తుంటరితనానికి, పిచ్చి చేష్టలకు, సరదా మాటలకు ఈ ప్రాంతంలో ఉన్న పదాల్లో పెద్ద వాటా వేషగాళ్లు ఇచ్చిపోయిందే. అందుకే ఇక్కడ మాటల గురించి చెప్పాలంటే ముందు మనుషుల గురించి చెప్పాలి.

ఇంటి తిట్లలో ఆట

“ఏందిరా నీ ఏషాలు?” అన్నం ముందు మూతి ముడుచుకుని కూర్చున్న పిల్లవాణ్ణి అవ్వ అడిగే మాట ఇది. వాడు ముఖానికి అర్దలం పూసుకోలేదు, కిరీటం పెట్టుకోలేదు. అయినా అది వేషమే. బడికి పోనని కడుపు పట్టుకుంటే “డ్రామాలు చెయ్యకు” అంటుంది. అన్నదమ్ములు గట్టు పంచాయితీకి బజార్న పడితే చూసినవాళ్లు “ఏం బాగోతం వెట్టిండ్రు” అంటారు. దాచిపెట్టిన గుట్టు బయటపడితే అదీ బాగోతమే. కోపంతో ఎగిరిపడేవాడు చిందులు తొక్కుతున్నాడు. ఏదంటే దానికి సరే అనేవాడు గంగిరెద్దు లెక్క తలకాయ ఊపుతున్నాడు. చెట్టెక్కి దూకేవాడు సర్కస్ ఫీట్లు చేస్తున్నాడు. భాగవతం, చిందు, గంగిరెద్దు, సర్కస్: ఊరికి వచ్చి పోయిన ఆటలన్నీ ఇంటి మాటల్లో ఇట్లా నిలబడిపోయాయి.

ఈ మాటలకు తోడుగా వచ్చే క్రియలను గమనిస్తే ఇంకో సంగతి తెలుస్తుంది. వేషాలు ‘వేస్తారు’, పరాష్కాలు (పరాచికాలు) ‘ఆడుతారు’, చిందులు ‘తొక్కుతారు’, గప్పాలు ‘కొడుతారు’, మస్కిరీలు, మజాకులు, నఖరాలు మాత్రం ‘చేస్తారు’. తెలుగు ఆటల నుంచి పుట్టిన మాట తన పనిముట్టును వెంట తెచ్చుకుంది. వేషానికి బట్ట వేసుకోవాలి, చిందుకు నేల తొక్కాలి. ఉర్దూ నుంచి వచ్చిన మాటలు చాలావరకు ‘చేసుడు’ అనే ఒక్క క్రియ కిందనే సర్దుకున్నాయి, ఎందుకంటే ఉర్దూలోనూ వాటికి తోడు ‘కర్నా’నే. నాలుగు వందల ఏండ్లు పక్కపక్కన బతికిన రెండు భాషలు ఒక వాక్యంలో ఎట్లా కూర్చుంటాయో ఇంతకంటే తేటగా చూపే చోటు నాకు కనిపించలేదు.

బుడ్డర్‌ఖాన్

తెలంగాణలో చిందు భాగవతం ఆడేది చిందు కులంవారు. వీళ్లు మాదిగలకు ఆశ్రిత కులం. జాంబపురాణం చెప్పడం, ఎల్లమ్మ వేషం కట్టడం వాళ్ల హక్కు, బాధ్యత. ఏ మేళానికి ఏ ఊళ్లు అనేది మిరాశి పద్ధతిలో పంచుకుని ఉండేది. పొణికి చెక్కతో చేసిన భుజకీర్తులు, కిరీటాలు పెట్టుకుని, మద్దెల, తాళం మీద రాత్రంతా ఆడేవారు. చాలా పాత నాటక సంప్రదాయాల్లో ఆడవేషాలు కూడా మగవాళ్లే కట్టగా, చిందులో ఆడవాళ్లు ఆడవేషమే కాదు మగవేషమూ కట్టారు. నిజామాబాద్ జిల్లా బోధన్ దగ్గరి అమ్దాపూర్‌కు చెందిన చిందు ఎల్లమ్మ పేరు ఈ కళకే మారుపేరయింది. ఆమె 2005లో కన్నుమూసింది. ఆమె తరువాతి తరంలో జనగామ ప్రాంతపు గడ్డం సమ్మయ్యకు 2024లో పద్మశ్రీ వచ్చింది.

ఈ భాగవతంలో నవ్వించే పాత్ర బుడ్డర్‌ఖాన్. పేరులోనే సగం నవ్వు ఉంది. బుడ్డ అంటే పొట్టిగా గుండ్రంగా ఉండేది. ఖాన్ అంటే ఒకప్పటి పాలకుల, సిపాయిల బిరుదు. ఆ రెంటినీ కలిపితే పెద్ద పేరున్న చిన్న మనిషి తయారయ్యాడు. రాజు ప్రవేశించి రాగం తీసి పద్యం చదువుతాడు. ఆ పద్యం అందరికీ అందదు. అప్పుడు బుడ్డర్‌ఖాన్ వచ్చి రాజు మాటను ఊరి మాటలోకి దించుతాడు. ముందు వరుసలో కునుకుతున్నవాణ్ణి లేపుతాడు. లోపల వేషం మార్చుకునేదాకా ఆటను పడిపోకుండా పట్టుకుంటాడు. ఆ ఊళ్లో ఆ వారం జరిగిన తగాదాను, తప్పిపోయిన బర్రెను, పటేలు పిసినారితనాన్ని కథలోకి లాక్కొస్తాడు. పద్యాలు బట్టీ పట్టవచ్చు. ఈ పని బట్టీకి రాదు. ఏ ఊరికి ఆ ఊరి సంగతి తెలుసుకుని అప్పటికప్పుడు అల్లాలి, ఎవరి మీద అంటే నవ్వుతారో, ఎవరి మీద అంటే లొల్లి అవుతుందో తెలిసి ఉండాలి. మేళంలో అనుభవమున్నవాడికే ఆ వేషం దక్కడం అందుకే.

ఈ రోజు రాయికల్‌లో “బుడ్డర్‌ఖాన్ లెక్క ఉన్నడు” అంటే పొట్టిగా, బొద్దుగా, చూస్తే నవ్వొచ్చేటట్టు ఉన్నాడని. రాత్రంతా ఆటను మోసిన కళాకారుడి నేర్పు ఆ మాటలోంచి జారిపోయి పొట్ట ఒక్కటే మిగిలింది. ఇది నన్ను బాధపెట్టే సంగతి. ఇంకా బాధపెట్టేది, చిందు, బుడిగ జంగం, దొమ్మరి, గంగిరెద్దులవాళ్లు అనే కులాల పేర్లే చాలాచోట్ల వెక్కిరింతగా వాడబడటం. ఆడి బతికినవాళ్లు సంచార కులాలవాళ్లు, ఆశ్రిత కులాలవాళ్లు. నవ్వు తీసుకున్న ఊరు గౌరవం తిరిగి ఇవ్వలేదు.

పిట్టల దొర

బుడ్డర్‌ఖాన్ మేళంతో వస్తాడు. తుపాకి రాముడు ఒంటరిగా వస్తాడు. ఇతనికే పిట్టల దొర, లత్కోర్ సాబు అని ఇంకో రెండు పేర్లు. పాత ఖాకీ ప్యాంటు, కొలత కుదరని కోటు, నెత్తిన టోపీ, టోపీలో ఈక, కాళ్లకు జత కుదరని బూట్లు, భుజాన కట్టె తుపాకి. అంగడి రోజు బస్సు ఆగేచోట దిగినట్టే వచ్చి, బూటు నేలకు కొట్టి సలాము చేసి, గుక్క తిప్పుకోకుండా మొదలుపెడతాడు. అతని మాటకు ఒక తీరుంది. తనకు ఎంత ఆస్తి ఉందో చెప్పే ప్రతి వాక్యమూ ఆస్తి ఏమీ లేదనే చోటికే వచ్చి చేరుతుంది. “మా ఇంటికి ఏడు దర్వాజలు, ఏడింటికీ తలుపుల్లెవ్వు. మా బాయిల నీళ్లు ఎండకాలం గూడ తగ్గయి, వానకాలంలనే ఉండయి గనుక.” ఇటువంటి మాట ఒకటి అని నవ్వు ఆగకముందే ఇంకోటి అంటాడు. నవ్వుతున్న జనంలో ఒకడి వైపు తుపాకి తిప్పి అతన్నే సాక్ష్యం అడుగుతాడు. చివర్లో జోలె చాపుతాడు. కూరగాయల దుకాణం ముందు ఉల్లిగడ్డలు, కిరాణం ముందు బియ్యం, చెయ్యి ఆడేవాళ్లు రూపాయి వేస్తారు.

ఆ మూడు పేర్లనూ విప్పి చూడాలి. లత్కోర్ ఉర్దూ మాట: లాత్ అంటే తన్ను, ఖోర్ అంటే తినేవాడు. తన్నులు తినేవాడికి ‘సాబు’ అనే గౌరవం తగిలించారు. పిట్టల దొర అన్నా అదే పద్ధతి. దొరతనమంతా పిట్టల మీదే. రాముడికి బాణం ఉంటే ఇతనికి తుపాకి ఉంది, అదీ పేలనిది. మూడు పేర్లలోనూ ఒక పెద్ద మాట, దాన్ని కూలదోసే ఒక చిన్న మాట పక్కపక్కన ఉన్నాయి.

ఈ ప్రాంతంలో దొర అనే మాట ఎంత బరువైనదో తెలిస్తేనే ఈ వేషం బలం తెలుస్తుంది. జగిత్యాల, సిరిసిల్ల తాలూకాల్లో గడీల పెత్తనం, వెట్టి, దండుగలు స్వాతంత్ర్యం వచ్చిన తరువాత కూడా మూడు దశాబ్దాల దాకా నడిచాయి. 1978 సెప్టెంబర్‌లో రైతు కూలీలు జగిత్యాలలో జైత్రయాత్ర తీశారు. ఆ అక్టోబర్‌లోనే ప్రభుత్వం ఈ రెండు తాలూకాలనూ కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించింది. గడీ ముందు చెప్పులు విప్పి నడిచిన ఊళ్లో, చినిగిన కోటు వేసుకున్న ఒక బిచ్చపు కళాకారుడు ‘నేనే దొరను’ అంటూ నడిబజార్లో నిలబడేవాడు. నిజమైన దొర మీద నవ్వలేని జనం ఈ దొర మీద కడుపారా నవ్వేవారు. అతను తిరుగుబాటు చేశాడని నేను అనను. కానీ తుపాకి, టోపీ, హోదా అనేవి నవ్వదగిన వస్తువులు కూడా అని ప్రతి అంగడిలోనూ చూపించి పోయాడు. తెలంగాణ ఉద్యమం రోజుల్లో ధూంధాం వేదికల మీదికి ఈ వేషం మళ్లీ ఎక్కడం యాదృచ్ఛికం కాదు.

ఇంటి వాడుకలో మాత్రం ‘తుపాకి రాముడి మాటలు’ అంటే ఒట్టి కోతలు. కోతలకు ఈ ప్రాంతంలో ఇంకా మాటలున్నాయి. ఏతులు, గప్పాలు, బడాయి. వీటి మధ్య తేడా ఉంది. గప్పాలు పొద్దుపోక చెప్పేవి, వాటితో ఎవరికీ నష్టం లేదు. బడాయి ఉన్నదాన్ని చూపించుకోవడం. ఏతులు లేనిదాన్ని ఉన్నట్టు చెప్పడం. ఏతులుగాడికి పిల్లనివ్వరు. తుపాకి రాముడు ఏతులనే కళ చేసుకున్నాడు, అవి ఏతులని అందరికంటే ముందు తానే ఒప్పుకున్నాడు గనుక.

మిగిలిన ఆటగాళ్లు

పద్మశాలీలు ఎక్కువగా ఉన్న సిరిసిల్ల, కోరుట్లల వైపు సాధనాశూరులు వచ్చేవారు. వీళ్లు పద్మశాలీలకు ఆశ్రితులు, గారడీ, కసరత్తు వాళ్ల విద్య. మార్కండేయ పురాణాన్ని పటం మీద చూపిస్తూ చెప్పే కూనపులివారూ పద్మశాలీలకే చెందినవారు. ఒగ్గు కథలో ప్రధాన కథకుడి మాటకు అడ్డు తగిలి, తప్పుగా అర్థం చేసుకున్నట్టు నటించి నవ్వించే సహాయకుడు ఉంటాడు. వేములవాడ దగ్గరి హనుమాజీపేటకు చెందిన మిద్దె రాములు ఒగ్గు కథను ఊళ్లు దాటించి పెద్ద వేదికల మీదికి తీసుకుపోయిన కళాకారుడు. అదే హనుమాజీపేటలో 1931లో పుట్టిన కవి సి. నారాయణరెడ్డి చిన్నప్పుడు విన్న హరికథలు, జంగం కథలే తనలో కవిత్వానికి మొలకలు వేశాయని చెప్పుకున్నాడు. బుర్రకథలో ముగ్గురు ఉంటారు. నడుమ కథకుడు, ఒక పక్క రాజకీయం చెప్పేవాడు, ఇంకో పక్క హాస్యం చెప్పేవాడు. రాజకీయానికీ హాస్యానికీ సమాన స్థానమిచ్చిన ఈ ఏర్పాటు చాలా తెలివైనది.

తోలుబొమ్మలాటలో కేతిగాడు, బంగారక్క, జుట్టుపోలిగాడు రామాయణం నడుమ దూరి మొరటు హాస్యం ఆడతారు. కోణంగి ఇంకా దూరం పోయాడు. తమిళనాడు తంజావూరు జిల్లా మెలట్టూరులో నేటికీ తెలుగులో ఆడే భాగవతమేళ నాటకాలు కోణంగి ప్రవేశంతోనే మొదలవుతాయి. వినాయకుడి కంటే ముందు కోణంగి. ‘కోణంగి చేష్టలు’ అనే మాట కోస్తా పుస్తకాల ద్వారా రాయికల్ బడిపిల్లలకు తెలుసు, ఇంట్లో అనరు. ఇంట్లో ‘కోతి చేష్టలు’ అంటారు.

పరాష్కం ఎవరితో ఆడాలి

కోస్తా జిల్లాల పరాచికం ఇక్కడ పరాష్కం. దీనికి కచ్చితమైన నియమం ఉంది. వరుస అయినవాళ్లతోనే ఆడాలి. బావకు మరదలితో, బావమరిదితో, వదినెకు మరిదితో, తాతకు మనుమరాలితో చెల్లుతుంది. కోడలు మామతో, అల్లుడు అత్తతో పరాష్కమాడితే తప్పు. ఆ తప్పుకు ‘వావివరుస లేదా’ అనే ఒక్క ప్రశ్నే శిక్ష. కనుక పరాష్కం ఉత్త సరదా మాట కాదు, ఎవరు ఎవరికి ఏమవుతారో నలుగురిలో చెప్పే పద్ధతి. 1940లో ఆంగ్ల మానవశాస్త్రజ్ఞుడు రాడ్‌క్లిఫ్-బ్రౌన్ హాస్య సంబంధాల గురించి రాసిన ప్రసిద్ధ వ్యాసం ఆఫ్రికా సమాజాల్లో ఇటువంటి అనుమతి ఉన్న అమర్యాదనే వివరించింది. అమర్యాదకు కోపం తెచ్చుకోకూడదన్నది అక్కడా నియమమే.

పెండ్లిలో నాగవెల్లి పొద్దు ఇది బాగా కనిపిస్తుంది. పెండ్లికొడుకు పందిట్లో దున్నినట్టు చేయాలి, పెండ్లికూతురు అతనికి సద్ది తేవాలి, బొమ్మను ఊయలలో వేసి ఊపాలి. రాబోయే కాపురమంతా ఒక పావుగంట ఆటగా ఆడిస్తారు. పెండ్లికూతురి చెల్లె నడుము మీద చెయ్యి పెట్టుకుని అడుగుతుంది: “దున్నుతున్నవ్ సరే, ఎడ్లేవి బావా?” పెండ్లికొడుకు తల ఎత్తకుండా అంటాడు: “మీ అన్నలుండంగ ఎడ్లెందుకు మరదలా?” పందిరంతా గొల్లుమంటుంది. బావమరుదులు మీదికి వస్తారు, కొట్టడానికి కాదు, పసుపు పూయడానికి. ముందురోజు దాకా ముక్కూమొహం తెలియని రెండు ఇండ్లు ఆ ఒక్క మాటతో చుట్టాలయ్యాయి.

బీడీలు చుట్టే అరుగు పరాష్కాలకు ఇంకో పెద్ద కొలువు. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతాల్లో వేలాది ఇండ్లు ఆడవాళ్లు చుట్టే బీడీల మీద ఆధారపడ్డాయి, మగవాళ్లు దుబాయ్, మస్కట్, సౌదీలకు పోయిన ఇండ్లు. ఒడిలో చాట, చాటలో కత్తిరించిన తునికాకు, తంబాకు. చేతులు ఆగవు గనుక నోటికి పని కావాలి. “ఏందే వదినె, ఇయ్యాల వెయ్యి గాలే? మా అన్న ఫోన్ జేసిండా రాత్రి?” అని ఆడబిడ్డ అంటుంది. “చేసిండు. నీకు మొగణ్ణి సూత్తాన్న అన్నడు” అని వదినె దారం కొరుకుతూ బదులిస్తుంది. నాట్యశాస్త్రం నవ్వును స్మితం, హసితం, విహసితం, ఉపహసితం, అపహసితం, అతిహసితం అని ఆరుగా విడగొట్టి, రెండేసి చొప్పున ఉత్తములకు, మధ్యములకు, అధములకు పంచింది. ఒళ్లు ఊగేటట్టు, కండ్ల నీళ్లు వచ్చేటట్టు నవ్వడం అధముల వంతుకు వచ్చింది. ఈ పంపకం నాకు నచ్చదు. దూరదేశంలో ఉన్న మనిషిని తలుచుకుంటూ వెయ్యి బీడీలు చుట్టేవాళ్లకు ఆ ఆరో నవ్వు మీద అందరికంటే ఎక్కువ హక్కుంది.

పరాష్కానికి దగ్గరి మాట మస్కిరి. అరబ్బీ మస్ఖరా ఉర్దూ ద్వారా వచ్చింది, ఎగతాళి చేసేవాడని అర్థం. మస్కిరీకి వరుస అక్కర్లేదు, అందుకే అది తొందరగా కొట్లాటకు దారితీస్తుంది. మజాక్ మూలంలో రుచి అనే మాట ఉంది. తమాషా మూలంలో కలిసి నడవడం ఉంది, అక్కడి నుంచి వినోదంగా చూడటమయింది. మరాఠీలో తమాషా ఒక నాటక కళ, దానిలో నవ్వించేవాణ్ణి సోంగాడ్యా అంటారు. భీవండి, షోలాపూర్ మగ్గాల మీదికి తరతరాలుగా పోయివచ్చిన సిరిసిల్ల నేతవాళ్లకు ఆ తమాషా కొత్తది కాదు. గమ్మతి అనే మాట కూడా మరాఠీ గమ్మత్‌కు చుట్టమే. ఎవరికీ నొప్పి కలగని సరదాను ఇక్కడ గమ్మతి అంటారు. ఈ కుటుంబంలో నాకు అన్నిటికంటే ఇష్టమైన మాట అదే.

పండుగ ఇచ్చిన సెలవు

ఫాల్గుణ పున్నమికి ముందటి రాత్రుల్లో పిల్లలు కోలలు పట్టుకుని ఇంటింటికీ జాజిరి ఆడతారు. పెట్టినవాళ్లను పొగుడుతారు, పెట్టనివాళ్ల మీద అప్పటికప్పుడు పాట కడతారు. కాముణ్ణి కాల్చడానికి కట్టెలు, పాత తడకలు పెరళ్ల నుంచి ఎత్తుకుపోతారు. మామూలు రోజున దొంగతనమయ్యేది ఆ రాత్రి ఆచారమవుతుంది. పొద్దున ఇంటాయన తన విరిగిన మంచం కోడు బూడిదలో గుర్తుపట్టి “పోరగాండ్లు ఆగం జేసిండ్రు” అంటాడు, కాని గట్టిగా అనడు. పీరీల పండుగకు ఒళ్లంతా చారలు దిద్దుకున్న పులివేషగాళ్లు డప్పు దెబ్బకు ఊగుతూ బజార్లో పిల్లల్ని తరుముతారు, హిందువులూ ముస్లింలూ ఆ పులి వెనుకే ఉరుకుతారు.

ఎడ్డి, పిస, బిత్తిరి

కావాలని చేసే తిక్క వేరు, తెలియక చేసేది వేరు. రెండోదానికి ఉన్న మాటల్లో తిట్టు ఎంత ఉందో జాలీ అంత ఉంది. ఎడ్డి అంటే లోకం తెలియని అమాయకుడు. “ఎడ్డిది, పాపం” అని ఒకే ఊపిరిలో అంటారు. ఎడ్డెమంటే తెడ్డెమనేవాడు మాత్రం అమాయకుడు కాదు, అడ్డం తిరిగేవాడు. “పిస లేసిందా?” అంటే ఉన్నట్టుండి పిచ్చెక్కిందా అని. హౌలా ఉర్దూ నుంచి వచ్చింది, తెలివి నిలకడ లేనివాడు. సోయి లేనివాడు మతి పని మీద లేనివాడు, సోయి రాగానే మామూలు మనిషి. గత్తర కథ వేరే. అది ఒకప్పుడు ఊళ్లను ఊడ్చేసిన కలరా పేరు. గత్తర వస్తే జనం ఇండ్లు వదిలి పొలాల్లో గుడిసెలు వేసుకున్నారు. అంత భయంకరమైన మాట గడబిడకు పేరై, ఇప్పుడు కుర్రవాళ్ల నోట “గత్తర లేపిండు” అనే మెప్పయింది. భయం పోయిన తరువాత మాట ఆటలోకి వచ్చింది.

బిత్తిరి ప్రయాణం దీనికంటే పొడుగు. పాత కావ్యాల్లో బిత్తరి అంటే వయ్యారి. బిత్తరపోవడం అంటే బెదిరి చూడటం. తెలంగాణ వాడుకలో బిత్తిరి అయ్యేసరికి అయోమయంగా దిక్కులు చూసేవాడయ్యాడు. ఆ మాటను పేరుగా పెట్టుకుని చేవెళ్ల రవి వీ6 చానల్ తీన్మార్ వార్తల్లో బిత్తిరి సత్తి అయ్యాడు. అన్నీ తెలిసి ఏమీ తెలియనట్టు అడిగే పల్లెటూరి మనిషి అతను. 2019లో అతను కథానాయకుడిగా వచ్చిన సినిమాకు తుపాకి రాముడు అనే పేరే పెట్టారు.

వేషగాడి పేరు నిఘంటువులోకి ఎక్కడం మన దగ్గరే జరిగింది కాదు. ఇటలీ వీధి నాటకాల్లో నౌకరు వేషం కట్టే హాస్యగాళ్లను జాన్నీ అనేవారు, అది జొవాన్నీ అనే సామాన్యమైన పేరుకు వెనిస్ పలుకు. దాని నుంచే ఆంగ్లంలో తిక్క చేష్టలకు జేనీ అనే మాట పుట్టింది. క్లౌన్ అనే ఆంగ్ల మాటకు మొదటి అర్థం మొరటు పల్లెటూరివాడు. పట్నం పల్లెను చూసి నవ్వుకున్న గుర్తు ఆ మాటలో ఉంది. తెలుగు సినిమా కూడా చాలాకాలం తెలంగాణ పలుకును రౌడీకో, నౌకరుకో, నవ్వించే పాత్రకో అంటగట్టింది. ఒక ప్రాంతం మాట్లాడే తీరే హాస్యమని చూపించడం ఆ ప్రాంతపు హాస్యాన్ని చూపించడం కాదు.

సినిమా కొత్త మాటలు ఇచ్చిన మాటా నిజమే. 1982లో జంధ్యాల తీసిన ‘నాలుగు స్తంభాలాట’ తరువాత విసిగించే మాటకు సుత్తి అనే పేరు రాష్ట్రమంతా పాకింది. వీరభద్రరావు, వేలు అనే ఇద్దరు నటుల పేర్ల ముందు ఆ సుత్తి శాశ్వతంగా నిలిచిపోయింది. మాట నటుడికి ఇంటిపేరవడం, నటుడి పేరు మాట కావడం, ఈ రాకపోకలు మేళాల కాలం నుంచి ఆగలేదు.

లంబాడిపల్లి నుంచి సిరిసిల్ల దాకా

జగిత్యాల జిల్లా మల్యాల మండలం లంబాడిపల్లిలో 2012లో శ్రీరాం శ్రీకాంత్ మొదలుపెట్టిన ‘మై విలేజ్ షో’ యూట్యూబ్‌లో ఈ ప్రాంతపు పరాష్కాన్ని ఉన్నదున్నట్టు వినిపించింది. వ్యవసాయ కూలీ గంగవ్వ అందులో గంగవ్వగానే మాట్లాడింది. ముఖానికి రంగు లేదు, గొంతు మార్చుకోలేదు. 2020లో బిగ్ బాస్ నాలుగో విడతకు వెళ్లేనాటికి ఆమె మాట తెలియని తెలుగు ఇల్లు అరుదు. ఆ వీడియోల్లో నన్ను ఆగి చూసేట్టు చేసినవి పెద్ద జోకులు కావు. అరుగు మీద కూర్చుని అల్లుణ్ణో, మనుమణ్ణో ఒక్క చూపుతో కొలిచి, ఒక్క మాట అని, నవ్వకుండా పక్కకు చూడటం. వరుస తెలిసి ఆడిన పరాష్కం అది.

సిరిసిల్లలో పుట్టిన వేణు ఎల్దండి సినిమాల్లో చిన్న హాస్య వేషాలు వేసి, ‘జబర్దస్త్’ టీవీ షోలో నవ్వించి, 2023 మార్చిలో దర్శకుడిగా ‘బలగం’ తీశాడు. సిరిసిల్ల వైపు ఊళ్లో ఒక ముసలాయన చావు, ఆయనకు పెట్టిన కూడు పిట్ట ముట్టకపోవడం, అలిగిన అల్లుడు, పంతం పట్టిన బామ్మర్ది. కథంతా దినాల చుట్టూ తిరుగుతుంది. అయినా ముసలాయన వరుసైన ఆడవాళ్లందరితో పరాష్కమాడుతూ ఊరంతా తిరగడంతో సినిమా మొదలవుతుంది. మనిషి పోయాక ఊరికి అతని మాటే మొదట గుర్తొస్తుంది. చివర్లో శవం లేని పందిట్లో నిలబడి ఇంటిల్లిపాదినీ కలిపే పాట పాడినవాళ్లు బుడిగ జంగాల కళాకారులు మొగిలయ్య, కొమురమ్మ దంపతులు. వరంగల్ జిల్లా దుగ్గొండికి చెందిన మొగిలయ్య 2024 డిసెంబర్‌లో చనిపోయాడు. సినిమా విడుదలైన ఆ వేసవిలో తెలంగాణ పల్లెల్లో పంచాయతీ ముందర, బడి ఆవరణలో తెర కట్టి, చాపలు పరుచుకుని, ముసలివాళ్లకు ముందు వరుసలో కుర్చీలు వేసి, ఊరు ఊరంతా కూర్చుని ఆ ఆట చూశారు.